తొమ్మిది అడుగుల స్టూడియో

ఇంతియాజ్ అంగట్లో రెండు లెన్సులు,
పాత తువ్వాలు మీద పక్కపక్కన.
ఒకటి యాభై. గుప్పిట్లో పట్టే నిమ్మకాయంత.
ఇంకోటి ఎనభై ఐదు. వంచి చూస్తే గాజులో ఊదారంగు మెరుపు,
దాని అంచున వెంట్రుకంత బూజు.
"ఫొటోలో పడదు లే అన్నా,
ఎదురెండలో తప్ప" అన్నాడు.
తిరుపతిలో ఎదురెండ కాని ఎండ ఏదని నేనడగలేదు.
ఒకరోజుకు రెండూ ఇచ్చినాడు.
పూచీకి నా బండి ఆర్సీ.

కొర్లగుంటలో నా స్టూడియో పొడవు తొమ్మిది అడుగులు.
నీలం తెరకు, ముక్కాలిపీటకు మూడు పోను
మిగిలింది నాది.
మా గురువు చెంగల్రాయులు ఈ కొలతలోనే
ముప్పై ఏండ్లు మొహాలు తీసినాడు.
"ముక్కు పెద్దదయితే తప్పు లెన్సుది,
మొహం చిన్నబోతే నీది" అనేవాడు.

మూడింటికి, బేరాల్లేని పూట, దేశమ్మ వచ్చింది.
బస్టాండు వెనక సందులో కనకాంబరాలమ్మే దేశమ్మ.
నిన్న కొండకు పోయి తలనీలాలిచ్చి వచ్చింది.
గుండు మీద చందనం పొట్టు రాలతా ఉంది.
"వెంట్రుకలు రాకముందే ఒకటి తియ్యబ్బా.
మొక్కు తీరినట్టు గురుతుండాల."
ఏం మొక్కో ఆమె చెప్పలా.

యాభైతో మూడడుగుల దూరం.
ఆమె ఊపిరి నాకు, నా ఊపిరి ఆమెకు.
"జలుబు చేసిందే నీకు, మిరియాల కషాయం తాగు" అంటుంది.
గడ్డం దించమంటే దించుతుంది.
ఎత్తమంటే ఎత్తుతుంది.
చెప్పిన మాట వింటున్న మొహం పడింది.
మూడుసార్లూ అదే.

ఎనభై ఐదు తగిలిస్తే
ఫ్రేము నిండా ఒక చెవి, సగం బుగ్గ.
వెనక్కి జరిగితే గోడ.
పీట తెచ్చి వాకిలి బయట వేసినా, కొండ ఆమె వెనకాల వచ్చేట్టు.
నేను మెట్లు దిగి, కాలువ దాటి, రోడ్డు దాటి
టీకొట్టు డ్రమ్ము పక్కన నిలబడినా.
ఇద్దరి మధ్యన ఆటోలు, గ్యాసు బండి, అలిపిరి పోయే బస్సు.
"కొంచెం నవ్వక్కా" అని అరిచినా. వినపడలా.
ఇంకోసారి అరిచినా.
టీకొట్టాయన నవ్వినాడు.

బస్సు పోయినాక చూస్తే
దేశమ్మ నన్ను మరిచిపోయుండాది.
చెయ్యి దానంతటదే
జడ ముందుకేసుకోడానికి వెనక్కి పోయింది.
ఏమీ తగల్లేదు.
అరచెయ్యి మెడ మీదనే ఆగింది,
తాళం యాడ పెట్టినామో గుర్తురాని మనిషి
జేబు తడిమి ఆగినట్టు.
నొక్కినా.

తెర మీద చూపిస్తే వేలితో అటూ ఇటూ వెతికింది.
"కొండ యాడికి పోయె?"
చెవి పక్కన చూపించినా.
బకెట్టు నీళ్ళలో వేసిన నీలిమందు మాదిరి ఒక మరక.
"ఇదా!"
"ఇదేనక్కా. ఈ లెన్సు నిన్ను పట్టుకుంటే
కొండను వదిలేస్తుంది."
బూజు కూడా పడనే పడింది,
గుండు పైన ఒక పక్క, తెల్లటి వెలుగు ముద్దగా.
దాని సంగతి ఆమె అడగలా, నేను చెప్పలా.
చానాసేపు చూసి,
"ఆ సామి కండ్లద్దాలు లేకుండా పైనుంచి చూస్తే
మనమూ ఇట్టే అగుపడతామేమో" అనింది.
ఆనక గట్టిగా,
"దుడ్లిస్తా ఉండా కదబ్బా, కొండ కనపడేదొకటి తియ్యి.
ఇది వేరేగా ఇయ్యి. గోడకు కాదు."

పొద్దున్నే మళ్ళీ తువ్వాలు మీద రెండూ.
యాభైకి జేబులో ఉండేది చాలుతుంది.
ఎనభై ఐదుకు చీటీ పాడాల, తోపుడుకు పోయినా సరే.
"ఏదన్నా?" అంటాడు ఇంతియాజ్.
నేను లోపల అడుగులు లెక్కబెట్టుకుంటా ఉండా,
వాకిలి, మెట్లు, కాలువ, రోడ్డు, డ్రమ్ము.
పద్దెనిమిది.
"ఆ బూజుకు ఐదునూర్లు తగ్గించు" అన్నా.
"అది ఎదురెండలోనే కదన్నా!"
"నేను నిలబడేది ఆడనే."