ఆరున్నొక్కటి

జనవరి రెండో శుక్రవారం, తెల్లారకముందే
ఉమ్మల్ ఖువైన్ ఖోర్ ఒడ్డున బండి ఆపిన.
మంచు. అవతల దీవి లేదు, మడచెట్లు లేవు.
ఉన్నదల్లా ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు,
సులేమానీ చాయిలో యాలకుల వాసన.

మూడేండ్ల కింద నేను వీళ్లకు డ్రైవర్నే.
పిట్టల్ని ఎంచడానికి నిద్ర పాడు చేసుకునేటోళ్లను
స్టీరింగ్ మీద గదమ ఆనించి చూసి నవ్వుకున్న.
రోవేనా, అజ్మాన్ దవాఖాన నర్సు,
రాత్రి డ్యూటీ దిగి అట్లనే వచ్చింది ఆ పొద్దు.
కండ్లు మండుతున్నయని
క్లిక్కర్ తెచ్చి నా అరచేతిలో పెట్టింది.
నేను చెప్త, నువ్వు నొక్కు.
అప్పటి సంది నొక్కుతనే ఉన్న.

లెక్క నాకు కొత్తదా?
క్యాంపు గేటు కాడ నాలుగున్నరకు
బస్సెక్కే తలకాయలను ఎంచేది నేనే.
అంతకు ముందు, మెట్‌పల్లి మార్కెట్ యార్డుల
మా నాయిన వడ్లు కొలిచేటోడు.
ఒకటి అనడు. లాభం, అంటడు.
లాభం, రెండు, మూడు...
ఆరు దాటినంక ఏడు అనడు,
ఏడుపును ఇంట్లకు పిలిచినట్టయితదని.
ఆరున్నొక్కటి, అని కుంచం బోర్లిస్తడు.

సింహాద్రిది ఉప్పాడ. నీళ్ల భాష అతనిది.
"పోటెక్కుతుందండి, ఇంకో గంటాగండి.
బురద మునిగితే అన్నీ ఒక్కచోటికే చేరతాయి."
పోటు, పాటు. మా కాల్వకు లేని మాటలు.

షమ్మా టీచర్ అట్టకు కాగితం బిగించి
ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెప్పింది:
చూసిందే రాయండి, అనుకున్నది రాయొద్దు.
ఒక్క పిట్టా లేకుంటే గడి ఖాళీగా వదలొద్దు,
సున్నా పెట్టండి.
సున్నా అంటే చూశాం, లేవు అని.
ఖాళీ అంటే, మనం చూడనే లేదని.

మంచు విడిచింది.
రాజహంసలు నిద్రలో ఉన్నయి.
కాళ్లు ఎంచి సగం చేద్దామంటే
అన్నీ ఒంటికాలి మీదనే.
నీటికాకులు దీవి దిక్కు నుంచి, తెగని వరుస,
ఎంచేటోని ఊపిరి ఆడనియ్యవు.
ఉల్లంకి పిట్టలైతే ఒడ్డంత పోసిన ధాన్యం.
పదింటిని ఒక సోల అనుకున్న,
నూటిని ఒక కుంచం,
కంటితోని కొలుచుకుంట పోయిన
పన్నెండు కుంచాల దాకా.
అప్పుడొచ్చింది గద్ద.
రాశి రాశంత లేచి గాలిలో చల్లుకపోయింది.
సింహాద్రి వాళ్ల ఊరి తిట్టు ఒకటి తిట్టిండు.
రోవేనా సున్నాకు తిప్పింది మరను.
మళ్లీ లాభం కాడ మొదలువెట్టిన.

షమ్మా ఎదురుచూసేది వేరే.
హన్కూర్ అంటది వాళ్ల భాషల.
నలుపు తెలుపు, లావు ముక్కు, పీతలే తిండి.
తెలుగు పేరు సింహాద్రినీ అడిగిన, తెలువదన్నడు.
పోయినేడు నలభైమూడు రాసినం.
ఇసుక తిన్నె చివర ఇప్పుడు ఆరు.
టెలిస్కోపు కదపకుండ చానాసేపు చూసిన.
ఆ ఆరింటి వెనుక, నీళ్లల్ల, ముక్కు దించుకొని
ఇంకొకటి.

ఎన్ని? అని అడిగింది.
నోట్లె మా నాయిన మాట ఆగింది.
సబా, అన్న అరబ్బీల.
సబా అంటే ఎవరూ ఏడ్వరు.
అయినా ఆమె రాయకముందు
పెన్ను మూతతోని గడ్డం గోక్కుంట
నీళ్ల దిక్కే చూసింది కొంచెంసేపు.

తిరుగు దారిల అందరూ నిద్ర.
అద్దంల తలకాయలు ఎంచిన, అలవాటు.
నా సీటు కింద ఇంకో కాగితం ఉన్నది, కంపెనీది.
దసరా పోయినంక లింబాద్రి బస్సెక్కలేదు.
ఖల్లివల్లి అయ్యిండంటరు క్యాంపుల.
ఫుజైరాల తోటపని అని ఒకడు,
లేదు, మస్కట్ దాటిండని ఇంకొకడు.
అతని చెప్పులు ఇంకా నా మంచం కిందనే.
ఫోర్‌మన్ రోజూ అంటడు, గీత గొట్టు, లేకుంటే సున్నా వెయ్యి.

ఆ గడి నేను ఖాళీగనే ఉంచుతున్న.
నేనింకా చూడలేదు.