కొక్కెం

ఆదివారం. డిండి వాగు.
నీళ్లు అవతలి ఒడ్డుకు ఒదిగి
ఇటంతా మెత్తటి ఇసుక.
పర్వతాలుది ఎనభై తొమ్మిది మోడల్ డీజిల్ జీపు,
బానెట్ నిండ తుప్పు మాసికలు.
నాది తెల్ల జిప్సీ. పెట్రోలు తాగుతది, నిజమే,
కని మేకపిల్ల లెక్క గుట్టలెక్కుతది.

"నీది సబ్బుపెట్టెరా" అంటడు వాడు.
"నీది పిండిగిర్ని" అంట నేను.
పదకొండేండ్ల సంది ఇదే లొల్లి,
దేవరకొండ చాయ్ కొట్టుకాడ,
జహంగీర్ షెడ్డుల గేర్‌బాక్స్ దించినప్పుడు,
ఆఖరికి వాడి బిడ్డ నిశ్చితార్థంల కూడా.

ఇయ్యాల పిండిగిర్ని దిగబడ్డది, ఇరుసు దాక.
నాలుగు చక్రాలూ తిరుగుతున్నయ్,
తిరిగినకొద్దీ లోపలికే పోతున్నది.
కొక్కెం చేతుల పట్టుకొని నిలబడ్డ:
"జిప్సీయే గొప్పదను, గుంజుత."

వాడు సీటు కిందికెళ్లి సద్దిగిన్నె తీసిండు.
జొన్నరొట్టె సగం తుంచి నాకిచ్చిండు.
మాట మాత్రం ఇయ్యలె.

పొద్దు గూకింది. దోమలు.
నేనూ కొక్కెం తగిలియ్యలె.
నా హెడ్‌లైట్ల వెలుగుల
ఇద్దరం చెరో పారతోని ఇసుక తోడినం
(తోడుడు సాయం కిందికి రాదు,
తాడు కడితెనే సాయం).

రాత్రి తొమ్మిదింటికి
జీపు దగ్గి, దగ్గి, గట్టెక్కింది.
నా మొకం చూడకుంట అన్నడు వాడు,
"నీ లైట్లు మంచిగున్నయ్‌రా."

పదకొండేండ్లల్ల మొదటి మెప్పు.
ఛాతీ ఉబ్బించుకొని తాళం తిప్పిన.
టక్. ఇంకోసారి, టక్.
లైట్లే తాగేసినయ్ బ్యాటరీని.

చీకట్ల పిండిగిర్ని వెనక్కి తిరిగింది.
వాడు కొక్కెం పట్టుకొని వస్తున్నడు,
తొందరేం లేనట్టు, ఈలేసుకుంట.
ఏమడుగుతడో నాకెర్కే.