పదమూడో రోజు

బోయపల్లి గేటు పడ్డదంటే
నా జిరాక్స్ షాపు ముందర బండ్లన్నీ ఆగుతయి.
ఆ సందుల నుంచే వచ్చింది తియామికే,
తడిసిన గొడుగు గుమ్మం బయటనే పెట్టి.
ప్లాస్టిక్ సంచిల పాస్‌పోర్టు,
కాలేజి బోనఫైడు, కిరాయి కాగితం.

'అన్నా, రూము మారిన.
పద్నాలుగు రోజుల్ల ఆఫీసుకు చెప్పాలె.
ఇయ్యాల పదమూడు.'

మలావీ యాడుంటదో నాకెరుక లేకుండె.
బల్ల మీద ఒలికిన చాయ్‌తోని గీసి చూపింది:
ఇది చెరువు, ఈ ఒడ్డున మేము.
మన కోయిలసాగర్లు ఎన్ని పోసినా
నిండదట ఆ చెరువు.

ఫొటోకు ఎనక తెల్లగుండాలె.
మా మామ పంచె మేకుకు తగిలించిన.
యాభై కేబీ దాటితే మింగదు ఆ వెబ్‌సైటు.
ఆమె నుదురు, సన్నసన్న జడలు,
వద్దన్నా పెదవి మూలకొచ్చిన నవ్వు,
అన్నీ నలభై ఎనిమిదికి కుదించిన.
ఇగ చక్రం తిరుగుడు మొదలు.
ఏడైంది. ఎనిమిదైంది.
పహాణీలోళ్లు వచ్చి పోయిండ్రు,
కులం సర్టిఫికెటోళ్లు వచ్చి పోయిండ్రు.

నడుమ మిషన్ల కాగితం ఇరుక్కుంటే
నేను తిట్టుకుంట లేచేలోపట
ఆమెనే ట్రే గుంజి, ముడత చిరగకుండ తీసింది.
'సాయంత్రం రెండు గంటలు కూసో పిల్లా,
నెలకు నాలుగు వేలిస్త.'
కాలిన పెనం ముట్టినట్టు
చేతులు ఎనక్కి తీసుకున్నది.
'చదువుల వీసా అన్నా. పని లేదు దాంట్ల.'
'ఎవడు చూస్తడు ఈడ? గేటు, రైలు, నేను.'
'నాకు నాలుగేండ్లు కావాలె అన్నా,
నాలుగు వేలు కాదు.'

కోపమొచ్చింది, అబద్ధమెందుకు.

మా అవ్వ సవారమ్మ
ఏ రాష్ట్రంల, ఏ కాల్వల తట్ట మోసిందో
ఆ ఊరి పేరు పలకరాకనే పోయింది.
ఆమెను ఏ ఆఫీసూ అడగలే.
మేస్త్రి నోటుబుక్కు ఒకటుండె:
అడ్వాన్సు మూడొందలు, పక్కన బొటనేలి ముద్ర.
ఎన్నడు ఇంటికి మళ్లొచ్చో
ఆ బుక్కుల ఏ పేజీల లేదు.
నేను పుట్టింది కాల్వ గట్టు మీద, ఎండకాలమో వానకాలమో.
జూన్ ఒకటని బడి పంతులు రాసిండు.
కాగితమంటే నాకందుకే గిట్టదు.
అదే కాగితం అమ్ముకొని బతుకుత,
పేజీకి రెండు రూపాయలు.

ఈ పిల్ల మాత్రం కాగితాలను
రొట్టెల మూట లెక్క గుడ్డల చుట్టుకొని తిరుగుతది.
పర్మిటు ఆఖరి తేదీకి ఎర్ర సున్న.
హాజరు ఎనభై రెండు శాతమని చెప్తది,
జరం దిగిందని చెప్పినట్టు.
పోయినేడు నీలం సిరాతో సంతకం పెట్టిందని
ఆఫీసుల సారు ఎనక్కి పంపిండు.
ఈ కౌంటరు కిందనే కూసొని ఏడ్చింది.
మొఖం తుడుచుకొని లేచి,
'నల్ల పెన్ను ఉందా?' అన్నది.

తొమ్మిదిన్నరకు సర్వరు లేచింది.
స్థానికంగా తెలిసిన వ్యక్తి, అని ఒక గడి.
ఇంటి ఓనరు ఫోనెత్తడు.
ఆమె నా దిక్కు చూడలేదు, గోడ దిక్కు చూసింది.
ఆశన్న, జిరాక్స్ షాపు, అని కొట్టిన.
తండ్రి పేరడిగింది. తల్లి పేరు అడగలే.
అడిగితే బాగుండు అనిపించింది.

రసీదు రెండు కాపీలు.
'ఎంత అన్నా?'
'ఊకె పో.'
తల అడ్డంగ ఊపింది.
స్టేప్లర్ పక్కన పన్నెండు రూపాయలు
ఒక్కొక్కటి లెక్కపెట్టి ఉంచింది.

షట్టరు సగం దించి చూస్తున్న.
గేటు పడే ఉన్నది, రైలు జాడ లేదు.
సైకిలోళ్లు, పూలగంప ముసలమ్మ, కాలేజి పోరలు
వంగి కింద నుంచి దూరి పోతున్నరు.
ఆమె ఒక్కతి గొడుగు పట్టుకొని నిలబడ్డది.

వాన ఎక్కువైంది.
పంచె మేకుకే ఉన్నది ఇంక,
రేపు పొద్దున మామ నన్ను తిడతడు.