ఎల్.సి. పుస్తకంలో రాయనిది

రాత్రి ఒకటీ పదికి ఫోను.
"ఉలవపాడు ఫీడరు ఆపు. ఎందుకని అడగబాక."
ఏ.ఈ. గొంతే అది, కానీ
పక్కన ఎవరో నిలబడి ఉంటే మాట్లాడే గొంతు.

బైపాసు మీది బ్రిడ్జికి ఎత్తు చాలదంట,
పాత రోడ్డున ఊళ్ళోంచి తెస్తన్నారు.
జీపులోంచి ఒకతను నీలం బకెట్టు చాపాడు.
సెల్లులన్నీ అందులో వేయాల:
నాదీ, హెల్పరు కాలేషాదీ,
అప్పుడే పొయ్యి వెలిగించిన మాలకొండమ్మదీ.

పదకొండు కేవీ తీగకి ఎర్తు వేసి
ఎండు వెదుర్లతో పైకెత్తి పట్టుకున్నాం.
ముందు ఒక మనిషి, చేతిలో టేపు.
వెనక చక్రాలు. నలభై దాకా లెక్కపెట్టి వదిలేశాను.
నల్ల టార్పాలిన్ కప్పుకుని అది
సూడి గేదె నడకతో వచ్చింది.
రెక్కలు వేరే లారీలో ముందే పోయాయంట.
పైన చప్పుడుకంటే ముందు పరిగెత్తేదంట
(కాలేషా చెవిలో చెప్పాడు, వాడికెట్టా తెలుసో).
ఇక్కడ మాత్రం
టేపు పట్టుకున్నాయన చెప్పుల వెనకే
ఒక్కో అడుగూ అడిగి వేస్తోంది.

తీగకీ దానికీ మధ్య జానెడు.
గాలి లేదు. వెదురు మాత్రం వణికింది.

అప్పుడు మోగింది బకెట్టు.

నాదే. ఆ మోత హజరత్తయ్యకని పెట్టుకున్నది.
చాకిచర్ల దారిలో మూడు రొయ్యల గుంటలు,
జనరేటరు కావలిలో రిపేరుకి పోయి వారం.
కరెంటు లేకుంటే నీళ్ళలో చక్రాలు తిరగవు,
చక్రాలు తిరక్కుంటే నీళ్ళలో ఊపిరుండదు.
అరగంట చూస్తాయి రొయ్యలు.
ఆ తరవాత మూతులు పైకెట్టి గట్టు పక్కకి వస్తాయి.
మోగి ఆగింది. మళ్ళీ మోగింది.
జీపతను బకెట్టు వంక చూసి, నా వంక చూసి
మూత పెట్టాడు.

తోక దగ్గర సపోటా కొమ్మ అడ్డమొచ్చింది.
రంపంతో కోసి పక్కన పడేశారు.
టార్పాలిన్ అంచు నా భుజానికి రాసుకుని పోయింది.
అంత రహస్యమూ
కొత్త బీరువా వాసన వేసింది.

యాభై రెండు నిమిషాలు.
ఫోను చేతికొచ్చేసరికి పదిహేడు మిస్డ్ కాల్సు.
"కొమ్మ పడిందన్నా," అన్నాను.
"గాలి యాడుందిరా?" అన్నాడు హజరత్తయ్య.

పుస్తకంలో కారణం గడిలో
కొమ్మ అనే రాశాను.
తెల్లారేలోపు ఆ సపోటా కొమ్మని ఈడ్చుకొచ్చి
లైను కింద పడేశాను.
రాసినదానికి సాక్ష్యం ఒకటి ఉండాల గదా.

ఆరింటికి వచ్చాడు.
మోచేతుల దాకా బురద, బండి మీద ఐసు పెట్టె.
కొమ్మ దగ్గర కూచుని
కోసిన చోట బొటనవేలు ఆనించాడు.
పాలు ఇంకా కారుతున్నాయి.

తిడతాడనుకున్నాను.

"పెద్దదేనా?" అన్నాడు.
"ఏంది?"
"కొమ్మ."
"చానా పెద్దదన్నా."
"దాటిందా?"

మాలకొండమ్మ టీ పోస్తా పోస్తా ఆగింది.
ఐసు పెట్టెలోంచి నీళ్ళు ధారకట్టి
తారులో దిగబడిన ఆ చక్రాల గుర్తుల్లోకి
పోతున్నాయి.