మూపురం విడిగా ఉంది

మంజీర ఇసుక జల్లెడలో తట్టుకున్నది
కొమ్ము కాదు, కొమ్ము లోపలి ఎముక.
పైతొడుగును ఎప్పుడో మట్టి తినేసింది.
దానితో పాటు మూడు దంతాలు, ఒక మడమ ముక్క.
వాటిని మ్యూజియం వెనక గదిలో
షాబాద్ బండ మీద పరిచి
రుఖియా మేడం అన్నది:
"ఆరడుగుల ఎత్తు. మిగతాది నువ్వు చెయ్యి."

మిగతాది అంటే
జంతువంతా.

ఫైలు మీద సంతకం పెట్టాల్సినాయన
"అడవిదున్నే కదమ్మా, జూపార్కుకు పోయి గీసుకోరాదూ" అన్నాడు.
కాదు సార్. అడవిదున్న ఇంకా బతికే ఉంది.
ఇది మన ఎద్దులకు ముత్తాతల ముత్తాత.
దీనికొక పేరు ఉండే ఉంటుంది,
ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళ భాష కూడా పోయింది.

గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లారుజామున
వాడిన బంతిపూలు నములుతున్న ముసలెద్దును
ట్రాలీ ఆటో చాటున నిలబడి గీశాను.
ఇంటికొచ్చి చెరపడం మొదలుపెట్టాను.
ముక్కుతాడు దూరిన బెజ్జం పూడ్చాను.
మెడ మీద కాడి కాయించిన కాయను రుద్దేశాను.
కాళ్ళు సాగదీశాను, కడుపు పైకి లాగాను,
గంగడోలు కత్తిరించి, మనసొప్పక కొంచెం అతికించాను.
ఎవరో చిదిపేసిన వృషణాలు తిరిగిచ్చాను,
అప్పుడు మెడ దానంతట అదే లావైంది.
ఇంకా ఏదో మిగిలింది.
కాగితం చిరిగేదాకా చెరిపినా
ఆ కళ్ళలో ఓపిక పోలేదు.

వినాయకులంతా నీళ్ళలోకి వెళ్ళిపోయి
ధూల్‌పేటలో చేతులు ఖాళీగా ఉన్న నెల.
బిర్జూ సింగ్ నా బొమ్మను గోడకు ఆనించి
బీడీ ఆరిపోయేదాకా చూశాడు.
"మేడం, మొఖంల భక్తి ఉండాలెనా?"
వద్దు.
"కోపం?"
అదీ వద్దు.
"మరేం పెట్టాలె? నాకు గా రెండే వస్తయ్."

నలభై ఏళ్ళు నందులను పడుకోబెట్టిన చేతులు
వెదురు, వరిగడ్డి, చెరువు మట్టితో
మొదటిసారి ఒకదాన్ని నిలబెట్టాయి.
నిలబడగానే షెడ్డు చిన్నదైపోయింది.
కొమ్ముల కోసం రెండు రేకులు విప్పారు.

రంగు ఎముకలో ఉండదు.
మేడం ఇటుక ఎరుపు అన్నది, నేను నలుపన్నాను.
బిర్జూ రెండూ కలిపి గోడకు పూసి చూశాడు,
ఎక్కువైందనుకొని మళ్ళీ నలుపే పోశాడు.
వెన్ను పొడుగునా ఒక లేత చార, అది ఆయన సొంతం,
ఎందుకని ఎవరమూ అడగలేదు.

కళ్ళకు మాత్రం మూడు రోజులు పట్టింది.
ఇది మనిషిని చూసింది, బిర్జూ భాయ్,
ఈటెను చూసింది.
కుడితి గాబును చూడలేదు.
మెత్తని మనిషిని ఆవులాంటోడని అంటాం చూడు,
ఆ మాట చెబితే దీనికి తెలియదు.
ఆయన తలూపి, నా మాట పక్కన పెట్టి,
గేటు దగ్గర కొత్తవాడిని చూసిన తన కుక్కను
చాలాసేపు చూసి వచ్చి
బొటనవేలితో రెండు గుంతలు నొక్కాడు.
చాలు, అంతే.

మూపురం దగ్గర ఆగిపోయాం.
అది కండ, కొవ్వు. ముందు కుళ్ళేది అదే,
నక్కలు ముందు పీకేదీ అదే.
మేడం రెండు రాత్రులు పుస్తకాలు తిరగేసి
"ఉండొచ్చు" అన్నది.
పొద్దున్నే ఫోన్ చేసి
"ఉండకపోనూవచ్చు" అన్నది.

బిర్జూ సింగ్ నవ్వాడు.
"గణపతి చేతిల లడ్డూ ఎట్ల చేస్తం? విడిగనే గదా.
ఇగో, ఇది కూడ విడిగ చేసిన.
ఎరుకైన రోజు పెట్టుకోండ్రి."

మొన్న పెద్ద హాల్లో తెర తీశారు.
బడిపిల్లలు దాని కడుపు కింద నిలబడి ఫోటోలు దిగారు.
భుజాల మధ్య ఆ చదునును
ఎవరూ పట్టించుకోలేదు.

మూపురం నా బల్ల కింద
తడి గోనెపట్టాలో ఉంది.
గది మూసేముందు రోజూ
చెంబెడు నీళ్ళు చల్లి పోతున్నాను.
ఎండితే పగులుతుంది,
పగిలితే ఇక అతకదు.
ఆదివారాలు కూడా
రెండు బస్సులు మారి వస్తున్నాను.