వాలు

మొదటి బస్సుకే కొండెక్కుతా.
సంచిలో సగం బ్లేళ్ళు, మగ్గు, కాగితం పొట్లంలో పటిక ముక్క.
సాయంత్రం దిగేసరికి
ఎవరెవరిదో తడి జుట్టు కుచ్చిళ్ళలో గుచ్చుకొని ఉంటాది,
విదిలించినా పోదు.

మొహాలు గుర్తుండవు నాకు.
సుడులు గుర్తుంటాయి.
రెండు సుడుల నెల్లూరు పిల్లోడు,
నడినెత్తిన పాత కుట్లున్న వేలూరాయన,
కత్తి పెట్టకముందే వణికి, ఆనక
నున్నటి గుండు తడుముకొని పకపకా నవ్విన పెద్దామె.

మా నాయన చెంగల్రాయుడు
నాకు తల మీద నేర్పలేదు, బుడగ మీద నేర్పినాడు.
గాలి ఊదిన బుడగకు సబ్బునురగ పూసి
గీకమన్నాడు.
పదకొండు పగిలినాయి.
పన్నెండోది, తిరుచానూరు తిరునాళ్ళలో కొన్న ఎర్రది,
నున్నగా మిగిలింది.
పెళ్ళిళ్ళలో నాదస్వరం పట్టే చెయ్యి ఆయనది,
కత్తినీ అట్నే పట్టేవాడు.
గట్టిగా ఊదితే అది కీచుమంటాది,
గట్టిగా నొక్కితే మనిషి కీచుమంటాడు, అనేవాడు.

ఈ పొద్దు తెల్లారుజామున
కొర్లగుంటలో మా రెండు గదుల ఇంట్లో
కిటికీ ఊచకు తగిలించిన అద్దం ముందర
నా కొడుకు మునిశేఖరు, పాలిటెక్నిక్ రెండో ఏడు,
గొంతు కింద కోసుకొని నిలబడి ఉన్నాడు.
కోసుకున్న చోట పేపరు ముక్క.
మెడంతా ఎర్రటి పొక్కులు, చెమటకాయల మాదిరి.
నెల రోజుల బ్లేడు, ఎండు మొహం, కింద నుంచి పైకి!
"నిన్ను అడిగితే నవ్వుతావని..."

నవ్వలేదు.
నీళ్ళు కాగబెట్టి తువాలు ముంచి పిండి
గడ్డం మీద పరిచి, వంద లెక్కపెట్టమన్నాను.
అరవై దగ్గరే విసుక్కున్నాడు. మళ్ళీ మొదట్నించి.
ఇప్పుడు వేలు పెట్టి చూడు నాయనా,
ఎటు నిమిరితే మెత్తగా ఉందో అదే వాలు.
చెంప మీద కిందికి, గొంతు దగ్గర పక్కకి,
ఈ గుంటలో మాత్రం తిక్కతిక్కగా పైకి.
మీ తాతదీ ఇంతే.
వాలుకే పో. నొక్కొద్దు.
కత్తికి దాని బరువు చాలు.
రెండు మిగిలిపోయినాయా? మిగలనీ.
అద్దం మాదిరి కావాలనే ఆశకే నెత్తురొచ్చేది.

చన్నీళ్ళు. పటిక. చురచుర.
"మంటగా ఉందే!"
"పొక్కుల మీద పెడితే మండక ఏం చేస్తాది.
నాలుగు దినాలు కత్తి ముట్టొద్దు."

తువాలు ఆరేస్తా ఉంటే మెల్లిగా అడిగినాడు:
"అమ్మా, ఆదివారం ఆదివారం నువ్వు
గొళ్ళెం పెట్టుకొని లైటేసుకునేది
దీనికేనా?"

తీగ మీద చెయ్యి ఆగిపోయింది.
నలభై దాటినాక నా గడ్డం కింద మొలిచినవి,
ఏడో ఎనిమిదో, పందిముళ్ళ మాదిరి బిరుసువి.
పీకితే ఒకటి లోపలే మెలి తిరిగి చీము పట్టింది,
పీకిన చోటల్లా నల్లమచ్చ.
కొంగు గడ్డం దాకా లాక్కొని బస్సెక్కిన దినాలు ఎన్నో.
ఇన్ని వేల తలల ముందర జంకని చెయ్యి
నా గడ్డం దగ్గరికొస్తే దొంగచెయ్యి.

"కూచో," అన్నాడు.
గిన్నెలో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉండాయి.
వాడి వేలు నా గడ్డం మీద, భయపడతా, వెతుకుతా.
"ఇక్కడ ఎడమకి వాలింది."
"అవునా? నాకే తెలీదే."
కొత్త బ్లేడు కాగితం విప్పిన చప్పుడు.
ఎవరికీ మొహం అప్పగించి ఎరగనిదాన్ని,
ఊపిరి బిగబట్టి కూచున్నా, ఎర్ర బుడగ మాదిరి.

సందు చివర మొదటి బస్సు హారన్ కొట్టి పోయింది.
పోనీ.
వాడు ఇంకా మూడోదాని దగ్గరే ఉండాడు,
నాలుక బయటపెట్టి,
అచ్చం మా నాయన మాదిరి.