ఎడమ పక్క ఒకటిన్నర ఇంచు

ఎడమ పక్క ఒకటిన్నర ఇంచు వదలాలె,
యూనివర్సిటీ రూలు.
వాళ్లు రాసిన దాంట్ల నాకోసం వదిలిన జాగ అదొక్కటే.
అక్కడ్నే నా సూది దిగుతది.

విద్యానగర్ స్టేషన్ గోడకు ఆనుకొని దుకాణం.
లోకల్ పోయినప్పుడల్లా
మైదా లై గిన్నెల సన్నగ అలలు లేస్తయి.
పురుగు పట్టొద్దని మైలుతుత్తం కలుపుత.
పురుగు పట్టదు గని
తెరిచేటోళ్లు లేక పేజీలు అంటుకపోతయంటడు
లైబ్రరీ అటెండరు ఐలయ్య.

ముప్పై ఒక్క ఏండ్లు.
మెరూన్ రెగ్జిన్, బంగారు అచ్చరాలు, ఏడు కాపీలు.
ఆరేండ్లు ఆగినోళ్లు గూడ
నా గడప కాడికొచ్చి రేపే కావాలంటరు.

ఆత్రం సోంబాయి ఆదిలాబాద్ నుంచి వచ్చింది.
పొడపత్రి ఆకు మీద రెండువందల పేజీలు.
ఒక ఎండుటాకును నడుమ పెట్టి కుట్టమన్నది.
రూల్స్‌ల లేదమ్మా అంటే
ఆకు లేకుంటే మా అవ్వ నమ్మదన్నది.
పచ్చిది నాతోటి నమిలిపించి
నాలిక మీద చిటికెడు చక్కెర ఏసింది.
ఇసుక.
ఉత్త ఇసుక.
"కొంచెం సేపు ఆగు పెదనాయనా, తీపి మళ్లొస్తది."
మళ్లొచ్చేదాంక చాయ్ ముంగట పెట్టుకొని కూసున్న.
నాకు షుగరున్నదని ఆ పిల్లకు చెప్పలే.

నుస్రత్‌కు చెప్పకున్నా తెలిసింది.
సూది అక్కర్లేదు చాచా, ఉమ్మి చాలన్నది.
వేలెడు కాగితం చీటీ.
ఊదారంగు ముదిరి నల్లగయింది,
ఆమె మొహం గూడ కొంచెం.
"ఇది ఇంకా ల్యాబ్ దాటలే, దీన్ని నమ్మకండి,
దవాఖానకు పోండి."
తన పనిని నమ్మొద్దని చెప్పిన ఆ నోటి మీదనే
నాకు నమ్మకం కుదిరింది.
పోయిన.

లెక్కల పుస్తకం ఎప్పుడూ సన్నగనే ఉంటది.
యాభై నాలుగు పేజీలు, వీపు మీద పేరు పట్టదు.
ఏమున్నది ఇందుల అని దీవెన్‌ను అడిగిన.
నా దారం తీసుకొని, మెలికలు తిప్పి,
రెండు కొసలు కలిపి బల్ల మీద పెట్టిండు.
"ఇది నిజంగ ముడేనా? ముడి లెక్క కనపడుతున్నదా?"
నేను ఒక మెలిక పట్టి గుంజిన. విడిపోయింది.
"గుంజకుంట చెప్పాలె అంకుల్" అన్నడు,
పెండ్లి తప్పిపోయినోని లెక్క.

లావుడ్యా బాలు పుస్తకం రైలు అదురుల మీద.
పైసలు తక్కువిచ్చిండు.
బదులుగ నా గోడ పగులు మీద
అడ్డంగ సన్నటి గాజుముక్క అతికించి,
తారీఖు రాసిండు.
"ఇది పగిలిన్నాడు ఫోన్ చెయ్యి."

నిన్న సువార్త టీచరు.
సర్కారు బడి, పార్ట్‌టైం, ఎనిమిదేండ్ల చదువు.
బడి మధ్యల ఇడిచినోళ్ల మీద.
పేజీలు వరుసబెట్టుకుంట పోతుంటే నూట నలభై మూడుల చెయ్యి ఆగింది.

సమాచారదాత పదిహేడు. పురుషుడు.
వృత్తి: బైండింగు. చదువు: ఆరు, అసంపూర్తి.
కారణం: కుటుంబ పరిస్థితులు.

మూడేండ్ల కింద ఈ స్టూలు మీదనే కూసొని అడిగింది.
నాయిన కుడిచెయ్యి కట్టింగ్ మిషన్‌ల పడ్డదని చెప్పిన.
ఆ దినం హాఫియర్లీ, సైన్సు పరీక్ష,
గుండె బొమ్మ రాత్రంతా గీసి నేర్చుకున్ననని చెప్పిన.
ఆమె పెన్ను మూసి, ముక్కు తుడుచుకున్నది.
తప్పేం రాయలే.
అదంత రాస్తే టేబుల్ గడిల పట్టదు.

అదే మిషన్ మీద మూడు పక్కలు కోసిన.
కుట్టే ముందు
ఎడమ పక్క ఒకటిన్నర ఇంచుల
పెన్సిల్‌తోటి గుండె బొమ్మ గీసిన.
నాలుగు గదులు. ఒక గది వంకర పోయింది.
దారం బిగిసినంక ఎవ్వరికీ కనపడదు.

లోకల్ పోయింది. గాజుముక్క అదిరింది, పగలలే.
పొద్దుగాల పదింటికి వస్తనన్నది టీచరు.
లై ఇంకా ఆరలే.